అద్దాల వెనక మన పెద్దలు

2024 అక్టోబరు మా వైపు మరిచిపోలేని నెల. దండారికి గూడేలన్నీ సిద్ధమవుతున్న రోజుల్లో మార్లవాయి గుస్సాడీ గురువు కనకరాజు కన్నుమూశారు. పద్మశ్రీ పొందిన కళాకారుడు పోయాడని పత్రికలు రాశాయి. మాకు మాత్రం మనింట్లో పెద్దాయన పోయినట్టే అనిపించింది. ఆయన నేర్పిన అడుగులు ఇప్పటికీ పిల్లల కాళ్ళల్లో ఉన్నాయి కాబట్టి ఆయన ఎక్కడికీ పోలేదని ఒక ముసలమ్మ అన్నది. ఆమె మాట విన్నప్పుడే, అదే నెల మొదట్లో చదివిన ఇంకో వార్త గుర్తొచ్చింది. అది మన జిల్లా వార్త కాదు. ఈ రాష్ట్రం వార్త కూడా కాదు. అయినా ఇక్కడ చెప్పుకోవాల్సిన వార్త.

ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్‌షైర్ అనే ప్రాంతంలో ఒక వేలం సంస్థ పాత వస్తువుల జాబితా ఒకటి అచ్చేసింది. అందులో ఒక నాగా మనిషి పుర్రె ఉంది. దానికి కొమ్ములు తగిలించి ఉన్నాయి. ధర 3,500 నుంచి 4,000 పౌండ్లు పలకవచ్చని అంచనా వేశారు. మన లెక్కలో దాదాపు నాలుగు లక్షల రూపాయలు. ఈ సంగతి నాగాలాండ్‌కు తెలిసింది. నాగా సయోధ్య వేదిక నిరసన తెలిపింది. ముఖ్యమంత్రి నెఫ్యూ రియో కేంద్ర విదేశాంగ మంత్రికి లేఖ రాశారు. చనిపోయిన మనిషిని కుర్చీలా, కుండలా అమ్మడమేమిటని అడిగారు. ఆక్స్‌ఫర్డులోనే ఉన్న పిట్ రివర్స్ మ్యూజియం డైరెక్టర్ కూడా ఆ వేలం తప్పని చెప్పారు. చివరకు ఆ పుర్రెను జాబితా నుంచి తీసేశారు. పేపర్లలో వార్త అక్కడితో అయిపోయింది. నాగాల దగ్గర మాత్రం చర్చ అంతకు నాలుగేళ్ళ ముందే మొదలై, ఇంకా సాగుతూనే ఉంది.

నాగాల గోల మనకెందుకని ఎవరైనా అడగవచ్చు. ఆ కొండలకూ ఈ అడవులకూ ఎంత దూరం! భాష వేరు, దేవుళ్ళు వేరు. కానీ ఒక మనిషి ఈ రెండు చోట్లా తిరిగాడు. అక్కడా రాశాడు, ఇక్కడా రాశాడు. అక్కడా ఫోటోలు తీశాడు, ఇక్కడా తీశాడు. మన ఆదిలాబాద్‌లో ఆయన పేరు తెలియని పటేలు లేడు. ఆయనే క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. ఆయన మన దగ్గరకు రాకముందు ఎక్కడున్నాడో, ఏం చేశాడో మనం పెద్దగా మాట్లాడుకోం. ఈ వ్యాసంలో ఆ తొవ్వ పట్టుకొని కొంచెం నడుద్దాం.

ముందు నాగా కొండల సంగతి. పాత రోజుల్లో నాగా ఊళ్ళ మధ్య పోరు ఉండేది. శత్రువు తల తెస్తే ఊరికి బలం, పంటకు చలువ అని నమ్మేవాళ్ళు. తెచ్చిన తలను పడేసేవాళ్ళు కాదు, దానికి తంతు చేసేవాళ్ళు. ఈ విషయం దాచాల్సిన పని లేదు. నాగాలు కూడా దాచడం లేదు. దీన్ని అనాగరికం అంటూ బ్రిటిష్ వాళ్ళు వచ్చారు. తలల వేట నిషేధించారు. మాట వినని ఊళ్ళ మీదికి సిపాయిలను పంపి ఇళ్ళు తగలబెట్టారు. ఇంతవరకు మన చరిత్ర పుస్తకాల్లోనూ దొరుకుతుంది. దొరకనిది తరువాతి భాగం. తలలు తేవడం నేరమన్న అదే దొరలు, ఆ తలలను పెట్టెల్లో సర్ది ఇంగ్లండుకు పంపారు. నాగా కొండల్లో అధికారులుగా పనిచేసిన జె.హెచ్. హట్టన్, జె.పి. మిల్స్ ఇద్దరూ నాగాల మీద పెద్ద పెద్ద గ్రంథాలు రాసినవాళ్ళే. ఇద్దరూ పిట్ రివర్స్ మ్యూజియానికి వస్తువులు పంపినవాళ్ళే. 1922లో ఆ మ్యూజియం క్యూరేటర్ హెన్రీ బాల్ఫర్ స్వయంగా నాగా కొండలకు వచ్చి వీళ్ళకు అతిథిగా ఉన్నాడు. పగలు పన్ను వసూలు చేసే కచేరీయే సాయంత్రం వస్తువుల సేకరణ కేంద్రం. అధికారి ఎదురుగా నిలబడి, ఈ బల్లెం ఇవ్వను అనగలిగిన రైతు ఎందరు ఉంటారు? కొన్ని వస్తువులు కొన్నారు, కొన్ని బహుమతిగా తీసుకున్నారు, కొన్ని తగలబెట్టిన ఊళ్ళలో దొరికాయి. ఇవాళ ఆ ఒక్క మ్యూజియంలోనే నాగా వస్తువులు ఆరు వేలకు పైగా ఉన్నాయి. ప్రపంచంలో అంత పెద్ద నాగా సేకరణ ఇంకెక్కడా లేదు. అందులో మనుషుల ఎముకలు, పుర్రెలు, జుట్టు కలిసినవి రెండు వందలకు పైనే.

1936లో హైమన్‌డార్ఫ్ నాగా కొండలకు వచ్చాడు. వియన్నాలో పుట్టి అక్కడే చదువుకున్న ఇరవై ఏడేళ్ళ యువకుడు. కొన్యాక్ నాగాల వాక్చింగ్ ఊళ్ళో మకాం పెట్టాడు. ఆ ఏడాది చివర్లో మిల్స్ నాయకత్వాన పాంగ్షా అనే ఊరి మీదికి దండయాత్ర జరిగింది. బ్రిటిష్ హద్దుకు అవతల ఉన్న ఊరు అది. పాంగ్షా వాళ్ళు పక్క ఊళ్ళ మీద పడి తలలు నరుకుతున్నారని, మనుషులను బానిసలుగా పట్టుకుపోతున్నారని ఆరోపణ. సిపాయిలతో పాటు హైమన్‌డార్ఫ్ కూడా కెమెరా, నోటుపుస్తకం పట్టుకొని వెళ్ళాడు. ఊరిని తగలబెట్టారు. అక్కడ వేలాడుతున్న పుర్రెలను ఆయన తనతో తెచ్చుకున్నాడు. వాక్చింగ్‌కు తిరిగొస్తే కొన్యాక్‌లు, మాకూ ఒక ముక్క ఇయ్యమని అడిగారు. వాటితో పండుగ చేసుకున్నారు. ఇదంతా ఆయన మీద ఎవరో మోపిన నింద కాదు. 1939లో అచ్చయిన తన నాగా పుస్తకంలో ఆయనే రాసుకున్న సంగతి. ఆ కాలంలో ఆయన సేకరించిన నాగా వస్తువులు వియన్నా మ్యూజియానికి చేరాయి.

ఇక మన కథ. 1939లో యుద్ధం మొదలయ్యేసరికి ఆయన ఇండియాలో ఉన్నాడు. ఆస్ట్రియాను హిట్లర్ అప్పటికే మింగేశాడు కాబట్టి ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. అంటే బ్రిటిష్ వాళ్ళ లెక్కలో శత్రుదేశస్థుడు. ఆయన నిజాం రాజ్యంలో ఉండిపోవాల్సి వచ్చింది. మొదట నల్లమలలో చెంచులను, తరువాత గోదావరి కొండల్లో కొండరెడ్లను, ఆపైన ఆదిలాబాద్‌లో మనల్ని చూశాడు. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీమును కాల్చి చంపిన తరువాత, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాల్సిన అవసరం నిజాం సర్కారుకు వచ్చింది. అడవి గార్డుల దౌర్జన్యం, వడ్డీ వ్యాపారుల దోపిడీ, పట్టా లేక చేజారిపోతున్న భూమి, అన్నీ హైమన్‌డార్ఫ్ రాతల్లోకి ఎక్కాయి. రాసి ఊరుకోలేదు. మార్లవాయిలో గోండు యువకులకు పంతుళ్ళ శిక్షణ పెట్టించాడు. గోండి భాషలో వాచకాలు వేయించాడు. వేల ఎకరాలకు పట్టాలు ఇప్పించడంలో ఆయన మాట పనిచేసింది. ఆయన భార్య బెట్టీ 1987లో చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. 1995లో ఆయన లండన్‌లో పోయారు. తరువాతి కాలంలో ఆయన అస్థికలు కూడా తెచ్చి ఆమె పక్కనే ఉంచారు. ప్రతి జనవరిలో అక్కడికి జనం వస్తారు. నేనూ వెళ్తాను, దండం పెట్టుకుంటాను. ఇది రాస్తున్నందుకు ఆ దండం వెనక్కి తీసుకోవడం లేదు.

అయితే ఒకే మనిషి కొన్నేళ్ళ తేడాలో ఒకచోట తగలబడిన ఊరి నుంచి పుర్రెలు తెచ్చాడు, ఇంకోచోట ఊళ్ళకు పట్టాలు ఇప్పించాడు. ఏది నిజమైన హైమన్‌డార్ఫ్ అని అడిగితే నా దగ్గర జవాబు లేదు, రెండూ నిజమే అని తప్ప. ఆయన మారాడని కొందరు మిత్రులు అంటారు. కావచ్చు. దానికన్నా పెద్ద తేడా ఇంకోటి ఉందని నాకనిపిస్తుంది. ఆదిలాబాద్‌కు వచ్చేసరికి గోండులు తిరగబడి ఉన్నారు. జోడేఘాట్‌లో నెత్తురు ఇంకా ఆరలేదు. వినక తప్పని పరిస్థితి సర్కారుకు భీము కల్పించాడు. హైమన్‌డార్ఫ్ మంచి చెవులున్న మనిషే, కానీ ఆ చెవుల దాకా మాటను మోసింది మాత్రం మనవాళ్ళ తిరుగుబాటు.

ఇప్పుడు మళ్ళీ ఆక్స్‌ఫర్డుకు పోదాం. పిట్ రివర్స్ మ్యూజియం 1884లో పుట్టింది. ఒక సైనిక జనరల్ తన సేకరణను విశ్వవిద్యాలయానికి ఇవ్వడంతో మొదలైంది. ఆ మ్యూజియంలో వస్తువులను జాతుల వారీగా సర్దలేదు, రకాల వారీగా సర్దారు. పడవలన్నీ ఒకచోట, తాళాలన్నీ ఒకచోట, ముసుగులన్నీ ఒకచోట. మొరటువాటి నుంచి నునుపైన వాటి దాకా మనిషి ఎట్లా ఎదిగాడో చూపాలని ఆ సేకర్త ఉద్దేశం. ఆ వరుసలో మొదటి మెట్టు మీద ఎవరిని నిలబెడతారో మీరు ఊహించగలరు. అక్కడి ఒక పెట్టె మీద, చనిపోయిన శత్రువులను ఏం చేస్తారు అనే అర్థం వచ్చే శీర్షిక ఉండేది. అందులో దక్షిణ అమెరికా ఆదివాసుల కుంచించిన తలలతో పాటు నాగా పుర్రెలూ ఉండేవి. బడిపిల్లలు ముక్కులు అద్దానికి ఆనించి చూసేవారు. ఆ మ్యూజియంలో అందరికీ ఎక్కువ ఇష్టమైన పెట్టె అదేనట. ఇంగ్లండు వాళ్ళు కూడా యుద్ధాల్లో శత్రువులను చంపారు కదా, వాళ్ళ యుద్ధాల సామగ్రి ఆ పెట్టెలో ఎందుకు లేదని ఏ పిల్లైనా అడిగిందో లేదో!

2020లో కరోనా వల్ల మ్యూజియం మూతపడింది. మళ్ళీ సెప్టెంబరులో తెరిచేటప్పటికి ఆ పెట్టె ఖాళీ అయింది. నూటికి పైగా మానవ అవశేషాలను ప్రదర్శన నుంచి తీసి లోపల భద్రపరిచారు. ఖాళీ చోట, ఎందుకు తీశామో రాసిపెట్టారు. చూడటానికి వచ్చే జనం వాటిని చూసి నేర్చుకుంటున్నది తక్కువ, పరాయివాళ్ళంటే క్రూరులనే అభిప్రాయం బలపడుతున్నది ఎక్కువ అని మ్యూజియం వాళ్ళే ఒప్పుకున్నారు. దీన్ని అందరూ మెచ్చుకోలేదు. చిన్నప్పుడు చూశాం, మా పిల్లలకూ చూపించాలనుకున్నాం అని బాధపడ్డవాళ్ళున్నారు. చరిత్రను దాస్తున్నారని కోప్పడ్డవాళ్ళున్నారు. నాకైతే ఆ కోపం కూడా మంచిదే అనిపించింది. ఒక పెట్టె ఖాళీ అయితే ఊరంతా మాట్లాడుకుంది. దశాబ్దాల తరబడి అది నిండుగా ఉన్నప్పుడు ఈ మాటలు రాలేదు.

అయినా దించి లోపల దాచడం వేరు, ఇల్లు చేర్చడం వేరు. రెండో పని నాగాలు తలకెత్తుకున్నారు. నాగా సయోధ్య వేదిక 2008లో పుట్టినప్పుడు దాని పని నాగా సాయుధ వర్గాల మధ్య రక్తపాతం ఆపడం. అదే వేదిక ఇప్పుడు పూర్వీకుల అవశేషాల బాధ్యత కూడా తీసుకుంది. డాలీ కికోన్, అర్కొటాంగ్ లాంగ్‌కుమెర్ లాంటి నాగా మానవశాస్త్రవేత్తలు అందులో చేరారు. వాళ్ళు నేరుగా లండన్‌కు అర్జీ పెట్టి ఊరుకోలేదు. ముందు తమ ఊళ్ళకు వెళ్ళారు. చర్చిల్లో, ఊరి పెద్దల కూటముల్లో, కాలేజీల్లో కూర్చున్నారు. యువత కోసం బొమ్మల కథల పుస్తకం వేశారు. మీ తాతముత్తాతల ఎముకలు దూరదేశంలో ఉన్నాయి, ఏం చేద్దాం అని అడిగారు. చాలామందికి అవి అక్కడున్నాయనే తెలియదు.

అప్పుడు లేచిన ప్రశ్నలు చూడండి. ఆ పుర్రె ఏ ఊళ్ళో తీసుకున్నారో మ్యూజియం చీటీ మీద ఉంటుంది. కానీ ఆ తల ఎవరిది? తల నరికిన ఊరు ఒకటి, తల పోగొట్టుకున్న ఊరు ఇంకోటి. వాపసు వస్తే ఏ ఊరికి ఇవ్వాలి? నరికిన ఊరికిస్తే వాళ్ళకది గెలుపు గుర్తు. పోగొట్టుకున్న ఊరికిద్దామంటే ఆ ఊరేదో చీటీలో లేదు. వైద్య పరీక్షలతో తేల్చుదామా? చనిపోయినవాళ్ళ ఎముకను మళ్ళీ కోయడం సరైనదేనా? ఇప్పుడు నాగాల్లో ఎక్కువమంది క్రైస్తవులు. మరి పాత ఆచారంతో సాగనంపాలా, ప్రార్థనతోనా, రెండూ కలిపా? ఆ పాత పగ మళ్ళీ రాజుకుంటే? వీటిలో ఏ ఒక్కదానికీ ఇంగ్లండులో జవాబు లేదు. ఆ జవాబులు వాళ్ళలో వాళ్ళు వెతుక్కోవాల్సినవే. ఒకప్పుడు ఒకరి తల ఒకరు నరుక్కున్న ఊళ్ళ మనవళ్ళు ఒకే బల్ల దగ్గర కూర్చొని, మన అందరి పెద్దలను ఎట్లా ఇల్లు చేర్చుకుందాం అని మాట్లాడుకోవడం నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా పెద్ద సంగతి. 2025 జూన్‌లో నాగా పెద్దలు, తెగల సంఘాల ప్రతినిధులు, పండితులు ఆక్స్‌ఫర్డు వెళ్ళారు. ఆ మ్యూజియంలోకి అడుగుపెట్టి పూర్వీకుల అవశేషాల ముందు నిలబడ్డారు. అక్కడి నుంచే, అవశేషాలు తిరిగి రావాలని ఒక ప్రకటన చేశారు. మ్యూజియం తలుపులు వాళ్ళకు తెరిచింది, వాళ్ళు చెప్పింది వింది.

ఇది చదువుతుంటే నాకు కేస్లాపూర్ గుర్తొచ్చింది. నాగోబా జాతరలో మెస్రం వంశం పూజలయ్యాక దర్బారు జరుగుతుంది. 1940ల్లో హైమన్‌డార్ఫ్ కాలంలోనే అది మొదలైంది. అధికారులు ఊళ్ళకు రాకపోతే, జనం పోగయ్యే చోటికే అధికారులను రప్పించడం దాని ఉద్దేశం. కలెక్టర్ ఎదుట పటేలు లేచి నిలబడి, మా రోడ్డు ఏదీ, మా పట్టా ఏదీ అని అడుగుతాడు. పని అవుతుందా లేదా అనేది వేరే సంగతి. ఏళ్ళ తరబడి అదే రోడ్డు అడుగుతున్న ఊళ్ళూ ఉన్నాయి. కానీ అడగటానికి ఒక చోటు ఉంది, నలుగురి ముందు అడగవచ్చు, అడిగినవాడికి పేరుంటుంది. మ్యూజియంలో మనకు అదే లేదు. అక్కడ మనం అద్దం లోపల నిలబడతాం, మాట్లాడేవాళ్ళు అద్దం బయట ఉంటారు.

హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లో గిరిజన మ్యూజియం ఉంది. అరకులో ఉంది, మేడారంలో ఉంది, జోడేఘాట్‌లో ఉంది. ఇవన్నీ రావడం మంచిదే. మా నాయనకు అవి లేవు, నా పిల్లలకు ఉన్నాయి. నేను చెడు చెప్పడానికి ఇది రాయడం లేదు. అయినా ఒక మాట. మన మ్యూజియాలు ఎక్కువగా బొమ్మలతో నిండిపోయాయి. రోకలి పట్టుకున్న ఆడమనిషి బొమ్మ, విల్లు పట్టుకున్న మగమనిషి బొమ్మ, గుడిసె ముందు ఒక పిల్లాడి బొమ్మ. వాళ్ళ మొహాల్లో ఏ భావమూ ఉండదు. ఆ గుడిసెకు పట్టా ఉందా, ఆ పిల్లాడి బడిలో పంతులు ఉన్నాడా అని ఆ బొమ్మలు చెప్పవు. కొన్నేళ్ళ కిందట ఒక మ్యూజియంలో, పేరు అక్కర్లేదు, పర్ధాన్ల కిక్రి కింద గిరిజనుల వయొలిన్ అని చీటీ పెట్టారు. నాతో వచ్చిన పర్ధాన్ అన్న దాన్ని చూసి నవ్వాడు, తరువాత నవ్వడం ఆపేశాడు. కిక్రి వాయిద్యమే కాదు. దాని తీగల మీదుగానే మా గోత్రాల కథలన్నీ వస్తాయి. పర్ధాన్ కిక్రి అందుకోకపోతే పెర్సాపెన్ దగ్గర మా వంశం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పేవాళ్ళు లేరు. దాన్ని వయొలిన్ అన్నవాళ్ళు అబద్ధం ఆడలేదు, అడగలేదు అంతే. అన్న అక్కడున్న కాపలాదారుతో, ఇది మాది, ఒకసారి తీసి వాయిస్తాను అన్నాడు. ముట్టుకోవద్దని చెప్పాడతను. అతని ఉద్యోగం అది, తప్పు పట్టలేం.

పెర్సాపెన్ మాట వచ్చింది కాబట్టి చెబుతాను. మాకు దేవుడి గుర్తులైన సల్లె, చామరం ఏడాది పొడుగునా కళ్ళకు కనిపించేవి కావు. మూటగట్టి దాచి ఉంటాయి. పూజ రోజు మాత్రమే, ఎవరు తీయాలో వాళ్ళే తీస్తారు. అందరూ చూడాలని మ్యూజియం అనుకుంటుంది, అన్నిటినీ అందరూ చూడకూడదని మా ఆచారం అనుకుంటుంది. రేపు ఎవరైనా సల్లెను అద్దాల పెట్టెలో పెడతామంటే ఏం చెప్పాలి? నమూనా చేసి పెడతామంటే? వద్దనే హక్కు ఎవరిది, కటోడాదా, పటేలుదా, గోత్రమందరిదా? ఈ చర్చ ఇప్పుడే మన రాయి సెంటర్లలో జరగాలి. వస్తువు పెట్టెలోకి ఎక్కాక కాదు.

జోడేఘాట్ సంగతి వేరు. అక్కడ మనం ఇప్పటికే మాట్లాడుతున్నాం. 2014లో ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు అక్కడికి వచ్చి స్మారకానికి 25 కోట్లు ప్రకటించారు. మ్యూజియం కట్టారు, భీము విగ్రహం నిలబెట్టారు. ఏటా ఆశ్వయుజ పున్నమికి వర్ధంతి జరుగుతుంది. గోండులు, కొలాములు వందల ఊళ్ళ నుంచి వస్తారు. అధికారులు వస్తారు, దర్బారు నడుస్తుంది. పోడు పట్టాల మాట ప్రతిసారీ వస్తుంది. భీము ఏ భూమి కోసం చచ్చిపోయాడో ఆ భూమి మాట భీము మ్యూజియం ముందే మాట్లాడుకుంటున్నాం. దేశంలో ఎన్ని మ్యూజియాలకు ఈ భాగ్యం ఉంది?

కానీ మ్యూజియం లోపల కూడా ఆ చర్చ ఉండాలి. ఉదాహరణకు భీము చనిపోయిన తేదీ. కొందరు 1940 సెప్టెంబరు 1 అని రాశారు. కొందరు అక్టోబరు 27 అన్నారు. మన పెద్దలు నెల, తారీకు చెప్పలేదు. ఆశ్వయుజ పున్నమి అన్నారు. లెక్క వేసి చూడండి. ఆ ఏడాది అక్టోబరు 1న సూర్యగ్రహణం పట్టింది, అంటే అమావాస్య. దాన్ని బట్టి పున్నమి అక్టోబరు 16న. సెప్టెంబరు 1 అయితే అమావాస్య ముందు చీకటి రాత్రులు. అక్టోబరు 27 కూడా పున్నమి దాటి చాలా రోజులు. పండు వెన్నెల్లో కాల్చారని చెప్పుకునే మన జ్ఞాపకం ఒకవైపు, కాగితం మీది తేదీలు ఇంకోవైపు. ఏది సరైనదో నేను తీర్పు చెప్పను. రెండింటినీ పక్కపక్కన ఒక గోడ మీద పెట్టి, పిల్లలకు చంద్రుడి లెక్క నేర్పి, మీరేమంటారని అడిగితే ఎట్లా ఉంటుంది! పేరు కూడా అంతే. కొమురం అని పుస్తకాలు, కొమరం అని బోర్డులు, కుమురం అని జిల్లా పేరు. ఒక ఇంటిపేరును ఇన్ని రకాలుగా రాసినవాళ్ళలో గోండి తెలిసినవాళ్ళెందరు?

ఇంకా రాబోయే మ్యూజియాలున్నాయి. గిరిజన స్వాతంత్ర్య సమరయోధుల మ్యూజియాలు కడతామని 2016 ఆగస్టు 15న ప్రధాని ప్రకటించారు. రాంచీలో బిర్సా ముండాను బంధించిన పాత జైలునే మ్యూజియం చేసి 2021 నవంబరు 15న తెరిచారు. ఆంధ్రలో లంబసింగి వైపు ఒకటి, తెలంగాణలో రాంజీ గోండు పేర హైదరాబాద్‌లో ఒకటి అనుకున్నారు. రాంజీ గోండును, ఆయన మనుషులను ఉరితీసిన మర్రి నిర్మల్‌లో ఉండేది. వెయ్యి ఉరుల మర్రి అనేవాళ్ళు. ఆ చెట్టు ఇప్పుడు లేదు. అది నిలబడ్డ నేలకూ హైదరాబాద్‌కూ మధ్య దాదాపు 200 కిలోమీటర్లు. నగరంలో కడితే నగరం వాళ్ళు చూస్తారు, నిజమే, వాళ్ళకూ తెలియాలి. కానీ ఆయన గోడ మీద ఏం రాయాలో నిర్మల్ గోండును ఎవరు అడుగుతారు? బిర్సాను అదే జైల్లో చూపినట్టు రాంజీని నిర్మల్‌లో చూపకూడదా? దీని మీద మన సంఘాలు అర్జీలు పెట్టాలి, పేపర్లకు రాయాలి, కట్టడం అయ్యాక బాధపడటం కాకుండా.

హైమన్‌డార్ఫ్ మన దగ్గర తీసిన ఫోటోలు, ఫిల్ములు లండన్‌లోని సోయాస్ అనే విద్యాసంస్థలో భద్రంగా ఉన్నాయి. ఆయన ఫోటోలు చాలావాటిని ఇప్పుడు ఇంటర్నెట్‌లోనూ చూడవచ్చు. పుర్రెల్లాగా వాటిని వాపసు తెచ్చుకోవాల్సిన పని లేదు, ప్రతులు చాలు. వాటిలో ఉన్నవాళ్ళెవరో చెప్పగలిగిన కళ్ళు మాత్రం లండన్‌లో లేవు, ఇక్కడున్నాయి, ఏటేటా తగ్గిపోతున్నాయి. పోయిన ఎండాకాలం నేను ఫోన్‌లో 1940ల నాటి ఒక గోండు ఫోటో దించుకొని మా పెద్దనాయనకు చూపించాను. కింద ఉన్న రాతలో తెగ పేరే తప్ప మనిషి పేరు లేదు. ఆయనకు చూపు సరిగా ఆనదు. ఫోన్ మొహం దగ్గర పెట్టుకొని చాలాసేపు చూశాడు. తరువాత, ఈ పగిడీ కట్టు మా మేనమామది, పక్కనున్నది ఆయన తోడల్లుడు, వెనక కనిపించే చెట్టు ఇప్పుడు లేదు, అక్కడ బోరింగు వేశారు అన్నాడు. నేను ఆ రెండు పేర్లూ ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఇంకో పదకొండు ఫోటోలు చూపించాలి. సాయంత్రమైంది, మిగతావి రేపు చూద్దాం అన్నాడాయన.